ఎనిమిది మందికి రొట్టె ఎవరు తెచ్చారు?

ధ్యాన భాగములు: మొదటి రాజులు 18:3-4, సామెతలు 24:11-12, హెబ్రీయులకు 13:1-3



కర్ణాటకలోని మన సంఘములలో ఒకదానిలో యౌవనస్థులు ఒక సాయంకాలము ఒక నాటకమును చదివి వినిపించారు. రంగస్థలము లేదు, వేషములు లేవు. ఆలయపు హాలులో ఎనిమిది కుర్చీలు వేసుకొని, ఎవరి భాగమును వారు చదివారు. ఇంగ్లీషు నాటకమును వారే తెలుగులోనికి మార్చుకొన్నారు. మన పిల్లలలో చాలామందికి తెలుగు మాట్లాడుట వచ్చును గాని చదువుట రాదు. అందుచేత తెలుగు మాటలను కన్నడ అక్షరములలో వ్రాసుకొని చదివారు. అక్కడక్కడ తడబడినను, పెద్దలందరు కదలకుండ విన్నారు.

ఆ నాటకము పేరు "ది డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్". రెండవ ప్రపంచ యుద్ధ కాలములో ప్రాణభయముతో దాగియున్న ఒక యూదా కుటుంబపు కథ. చదువుట ముగిసిన తరువాత యౌవనస్థుల నాయకుడు లేచి, ఈ నాటకములో మీకు కనబడిన ముఖ్యాంశములు ఏమిటో చెప్పండి అని అడిగాడు. ఒకరు నిరీక్షణ అన్నారు. ఒకరు సహనము అన్నారు. ఒకరు కుటుంబ ప్రేమ అన్నారు. అన్నిటిని బల్ల మీద వ్రాశారు. అప్పుడు వెనుక చాప మీద కూర్చున్న ఒక ముసలి తల్లి అడిగింది: "అదంతా సరే అయ్యా. ఎనిమిది మంది రెండేండ్లు బయటికి పోలేదంటిరి గదా. మరి వాళ్లకు బియ్యము ఎవరు తెచ్చిచ్చినారు?"

పిల్లలు నవ్వారు. ఆ దేశములో బియ్యము కాదవ్వా, రొట్టె, ఆలుగడ్డలు అన్నారు. సరే, ఆ రొట్టెయే ఎవరు తెచ్చినారు అని ఆమె మరల అడిగింది. బల్ల మీద వ్రాసిన అంశములలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. మేమును ఆ రాత్రి దానిని గూర్చియే ఆలోచించాము. ఆ ప్రశ్ననే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

కథ

ఆన్ ఫ్రాంక్ 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణములో పుట్టింది. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన తరువాత, యూదులైన ఆమె తలిదండ్రులు దేశము విడిచి హాలెండు దేశములోని ఆమ్‌స్టర్‌డాంలో స్థిరపడ్డారు. అనగా వారును మనవలె వలస వచ్చినవారే. తండ్రి ఒట్టో అక్కడ వ్యాపారము పెట్టుకొన్నాడు. పిల్లలు ఆ దేశపు బడికి వెళ్లారు. తల్లి ఎడిత్‌కు క్రొత్త భాష కష్టముగా ఉండేది గాని పిల్లలకు అదే స్వంత భాష అయినది. ఆన్ తన డైరీని జర్మను భాషలో కాక ఆ దేశపు డచ్చి భాషలోనే వ్రాసింది. ఇక్కడ మనము క్షేమముగా ఉన్నామని వారు అనుకొన్నారు.

1940 మే 10న జర్మను సైన్యము హాలెండులో ప్రవేశించింది. 1942 మే నెల నుండి యూదులు బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రము కుట్టుకొని తిరుగవలెనని ఆజ్ఞ వచ్చింది. జూలై 5న పదహారేండ్ల పెద్ద కుమార్తె మార్గొట్‌ను పని శిబిరమునకు రమ్మని తాఖీదు వచ్చింది. మరునాడే ఆ కుటుంబము ఒట్టో గారి కార్యాలయము వెనుక భాగములోనున్న గదులలో దాగుకొన్నది. తరువాత మరియొక కుటుంబము, పిమ్మట ఒక దంతవైద్యుడు వచ్చి చేరారు. మొత్తము ఎనిమిది మంది. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి పట్టుకొనిపోవు వరకు, రెండు సంవత్సరముల ఒక నెల, వారు వెలుపలికి అడుగు పెట్టలేదు. ఆన్, మార్గొట్ 1945 ఆరంభములో బెర్గెన్ బెల్సెన్ శిబిరములో టైఫసు జ్వరముతో చనిపోయారు. ఎనిమిది మందిలో తిరిగివచ్చినది తండ్రి ఒక్కడే.

ఆయన 1947లో కుమార్తె డైరీని ప్రచురించాడు. దానిని ఆధారము చేసికొని ఫ్రాన్సెస్ గుడ్‌రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అను దంపతులు నాటకము వ్రాశారు. అది 1955 అక్టోబరు 5న న్యూయార్కులో మొదట ప్రదర్శింపబడినది. 1956లో పులిట్జర్ బహుమతి పొందినది. యుద్ధము ముగిసిన పిదప తండ్రి ఆ ఖాళీ గదులకు తిరిగివచ్చి, కుమార్తె డైరీని చేతికి తీసికొనుటతో నాటకము మొదలగును. అనగా చివర ఏమగునో మనకు ముందే తెలిసియుండగా, మిగిలినదంతా చూచుచున్నాము.

మొదటి అంశము: భయములో జీవించువారిని తీర్పు తీర్చకూడదు

ఆ గదులలో పగలు పాటింపవలసిన నియమములను తండ్రి అందరికి చెప్పును. క్రింద పనివారు ఉన్నంతసేపు చెప్పులు వేసికొనరాదు. గట్టిగా మాట్లాడరాదు. కొళాయి త్రిప్పరాదు, మరుగుదొడ్డిలో నీళ్లు పోయరాదు. దగ్గు వచ్చినను అణచుకొనవలెను. ప్రియులారా, పదమూడేండ్ల పిల్లకు ఈ నియమములు ఎంత కష్టమో ఆలోచించండి.

వారు అక్కడికి చేరిన మొదటి దినముననే పీటర్ అను కుర్రవాడు తన బట్టల మీది నక్షత్రమును పీకివేసి పొయ్యిలో పడవేయును. ఆన్ తన నక్షత్రమును విప్పి చూచును. బట్ట మీద దాని ఆకారము అట్లే నిలిచియుండును. చుట్టూ ఎండకు వెలిసినది గనుక, నక్షత్రమున్న చోట బట్ట రంగు మారలేదు. ఇతరులు మన మీద వేసిన గురుతు తీసివేసినను దాని మచ్చ ఉండునని, పేట పేరును బట్టి, పనిని బట్టి, కులమును బట్టి పిలువబడిన మన పెద్దలకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఇరుకులో నున్నవారి మధ్య తగవులు వచ్చును. తల్లికి కూతురికి పడదు. భోజనము దగ్గర లెక్కలు. నాటకములో ఒక రాత్రి వాన్ డాన్ అను పెద్దమనిషి అందరి రొట్టెను దొంగిలించుచు పట్టుబడును. అంతవరకు నెమ్మదిగా నుండిన ఆన్ తల్లి ఆ క్షణమున అగ్గివలె మండిపడి, ఇప్పుడే బయటికి పొమ్మని కేకలు వేయును. బయటికి పోవుట అనగా మరణమే. అయినను ఆమె అనును. ఆకలి ఒకనిని దొంగగా చేసినది. దొంగతనము ఒక సాధుశీలను కఠినురాలిగా చేసినది.

ఆ భాగము చదువునప్పుడు మన హాలులో కూర్చున్నవారు వాన్ డాన్‌ను చూచి, ఛీ అన్నారు. మేమును అనుకొన్నాము. కాని ఒక సంగతి చెప్పవలెను. డైరీలో ఆ రొట్టె దొంగతనము లేదు. నాటకకర్తలు కథ కొరకు కల్పించినది అది. వాన్ డాన్ అను పేరుతో చూపబడినవాని అసలు పేరు హెర్మన్ వాన్ పెల్స్. ఆయన ఆష్విట్జ్‌లో చంపబడినాడు. తన పక్షమున మాట్లాడుటకు ఆయన లేడు. ఆలాగే నాటకములో డస్సెల్ అను దంతవైద్యుడు తన మతమును గూర్చి ఏమియు ఎరుగనివానిగా కనబడును. ప్రేక్షకులకు పండుగ ఆచారమును వివరించుటకు, ఎరుగనివాడు ఒకడు కావలసివచ్చెను. కాని నిజమైన ఫ్రిట్జ్ ఫెఫర్ భక్తిపరుడు, హెబ్రీ భాష ఎరిగినవాడు. ఆయన భార్య ఈ విషయమై ఎంతో బాధపడి నాటకకర్తలకు వ్రాసింది.

చూచితిరా? మనము చూడని మనుష్యుని, వినిన ఒక మాటను బట్టి, ఛీ అన్నాము. తొమ్మిదవ ఆజ్ఞ న్యాయస్థానములో చెప్పు సాక్ష్యమునకే పరిమితము కాదు. మన సంఘములలో ఎంతమందిని గూర్చి ఇట్లే విని, ఇట్లే తీర్పు తీర్చితిమో ఎవరికి వారు జ్ఞాపకము చేసికొందుము గాక. నాటకము గొప్పదే. అయినను చనిపోయినవారిని గూర్చి నిజము తెలిసికొనుట మన బాధ్యత.

రెండవ అంశము: లేమిలో పండుగ

నాటకము మధ్యలో హనుక్కా పండుగ వచ్చును. యోహాను సువార్త 10:22లో ఆలయ ప్రతిష్ఠిత పండుగ అని మనము చదువునది అదియే. చలికాలములో మన ప్రభువు సొలొమోను మంటపములో తిరుగుచుండినది ఆ పండుగలోనే. గనుక ఆ గదిలో వెలిగించిన దీపములు మనకు పరాయివి కావు. ఆన్ తల్లి అక్కడ 121వ కీర్తనను చదువును. కొండల తట్టు కన్నులెత్తుటను గూర్చిన ఆ కీర్తనను మన ఇండ్లలో ఊరికి బయలుదేరుటకు ముందు చదువుకొనుట మీకు తెలియును. వారు ప్రయాణము చేయలేని స్థితిలో దానిని చదివారు.

ఆ రాత్రి ఆన్ అందరికి బహుమతులు ఇచ్చును. కొనుటకు అంగడి లేదు, డబ్బు లేదు. అక్కకు, వ్రాసిన అక్షరములను చెరిపివేసిన పాత పదబంధపు పుస్తకము. ఒకామెకు సబ్బు ముక్కలతో చేసిన తలరుద్దు నీళ్లు. నాన్నకు చీకటిలో తానే అల్లిన మెడగుడ్డ. తాను నిత్యము ఎదిరించు అమ్మకు, పది గంటల సేపు ఏమి చెప్పినను చేసెదనని వ్రాసిన ఒక చీటి. ఆ చీటి అందుకొన్నప్పుడు తల్లికి మాట రాదు. పేద విధవరాలి రెండు కాసులను చూచిన ప్రభువు ఆ చీటిని కూడ చూచియుండునని మేము నమ్ముచున్నాము.

అంతలో క్రింద చప్పుడు. ఒక దొంగ ప్రవేశించాడు. దీపము ఆర్పబోయి పీటర్ కుర్చీ మీద నుండి పడును. ఆ శబ్దమునకు దొంగ పారిపోవును గాని, పైన మనుష్యులున్నారని ఒకనికి తెలిసిపోయినది. అందరు వణకుచుండగా తండ్రి, పండుగ పాట పాడమని ఆన్‌ను అడుగును. ఆమె గొంతు మొదట వణకును. తరువాత ఒక్కొక్కరు కలిసికొందురు. భయము పోయినందున వారు పాడలేదు. భయములోనే పాడారు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు పాడినప్పుడు కూడ వారి కాళ్లు బొండలోనే ఉన్నవి.

మూడవ అంశము: మెట్లెక్కి వచ్చినవారు

ఇప్పుడు ముసలి తల్లి ప్రశ్నకు వచ్చుచున్నాము. నాటకములో మీప్ అను స్త్రీ, క్రాలర్ అను పురుషుడు అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి, సరకులు ఇచ్చి, రెండు మాటలు చెప్పి వెళ్లిపోదురు. రంగస్థలము మీద వారి సమయము తక్కువ. గనుక మనము వారిని మరచిపోదుము. కాని వారు ఒక్క వారము రాకపోతే నాటకమే లేదు.

చరిత్రలో ఆ పని చేసినవారు ముఖ్యముగా నలుగురు కార్యాలయపు ఉద్యోగులు: మీప్ హీస్, బెప్ వోస్కాయిల్, యొహన్నెస్ క్లైమన్, విక్టర్ కూగ్లర్. మీప్ భర్త యాన్ కూడ వారితో కలిసి పని చేశాడు. ఆ కాలములో తిండి అంతయు రేషను కూపన్ల మీదనే. దాగియున్నవారికి కూపన్లు ఉండవు. వాటిని రహస్యముగా సంపాదించవలెను. ఎనిమిది మందికి సరిపడు కూరగాయలు ఒకే అంగడిలో అడిగితే ఎవరికైనను అనుమానము కలుగును. ఎరిగిన ఒక రొట్టెల వర్తకుడు రొట్టె పంపెను. కూరగాయల వర్తకుడు ఏమియు అడుగక ఆలుగడ్డలు ఇచ్చెను. ఆయన తన స్వంత ఇంటిలో ఇద్దరు యూదులను దాచినందున 1944 మే నెలలో చెరపట్టబడినాడు. వీరందరు పగలు తమ ఉద్యోగము చేసికొనుచు, పుస్తకముల బీరువా వెనుకనున్న ద్వారము గుండా తిండి, పుస్తకములు, వార్తలు మోశారు. ఒక దినము కాదు, ఇరువదియైదు నెలలు. పట్టుబడితే శిక్ష ఉన్నదని వారికి తెలుసు. ఆగస్టు 4న కూగ్లర్, క్లైమన్ కూడ చెరసాలకు తీసికొనిపోబడ్డారు.

ఒట్టో ఫ్రాంక్ దాగుకొనక ముందు మీప్‌ను పిలిచి, మా భారము వహించెదవా అని అడిగినప్పుడు ఆమె ఆలోచించి చెప్పెదననలేదు. అక్కడనే ఒప్పుకొన్నది. పోలీసులు వెళ్లిన తరువాత నేల మీద చెల్లాచెదరుగా పడియున్న డైరీ కాగితములను ఏరి, చదువక, తన బల్ల సొరుగులో దాచింది. ఆన్ ఇక రాదని తెలిసిన దినమున వాటిని తండ్రికి ఇచ్చింది. తనను వీరురాలని పిలువవద్దని ఆమె జీవితాంతము చెప్పుచుండెను. 2010లో నూరేండ్ల వయస్సులో మరణించింది.

ఆమె ఇట్లు చేయుటకు కారణమేమి? ఆమెయు వలస వచ్చిన బిడ్డయే. 1909లో వియన్నాలో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధము తరువాతి కరవులో, తిండిలేక చిక్కిపోయిన పదకొండేండ్ల పిల్లగా 1920లో రైలులో హాలెండునకు పంపబడినది. ఒక డచ్చి కుటుంబము ఆమెను ఇంట చేర్చుకొని, తమ పిల్లలతో పాటు అన్నము పెట్టి పెంచింది. పరాయి ఊరిలో తినిన మొదటి కడి రుచి ఆమె మరువలేదు. ఐగుప్తులో మీరును పరదేశులైయుంటిరి గనుక పరదేశి మనస్సు ఎట్లుండునో మీకు తెలియునని నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు జ్ఞాపకము చేసిన సంగతి ఇదియే.

లేఖనములలో ఇట్టివారు ఎందరో ఉన్నారు. అహాబు గృహ నిర్వాహకుడైన ఓబద్యా, యెజెబెలు ప్రవక్తలను చంపించుచుండగా, నూరుగురిని గుహలో ఏబదేసి మందిగా దాచి అన్నపానములిచ్చి పోషించాడు. అది కరవు కాలమని మరువకండి. కొలువు రాజునొద్ద, సేవ దేవునికి. ఆ నూరుగురి పేర్లు మనకు తెలియవు. వారికి అన్నము పెట్టినవాని పేరు తెలియును. రాహాబు వేగులవారిని మిద్దె మీద దాచింది. షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఫరోకు లోబడక శిశువులను బ్రతుకనిచ్చారు. నాటకములో మీప్‌ను చూచువారు వీరిని జ్ఞాపకము చేసికొనవలెను.

నాలుగవ అంశము: సంఘము ఎక్కడ ఉన్నది?

1956 అక్టోబరులో ఈ నాటకము జర్మనీ నగరములలో ప్రదర్శింపబడినప్పుడు, ముగింపున ప్రేక్షకులు చప్పట్లు కొట్టక మౌనముగా కూర్చుండిపోయారు. తరువాత నెమ్మదిగా లేచి వెళ్లారు. వారిలో అధికులు బాప్తిస్మము పొందినవారే. ఆ మౌనములో మన పాలు కూడ ఉన్నది. ఎందుకనగా ఈ సంగతి మన బాప్టిస్టు చరిత్రను కూడ తాకుచున్నది.

1934 ఆగస్టు 4 నుండి 10 వరకు ప్రపంచ బాప్టిస్టు మహాసభ బెర్లిన్ నగరములో జరిగినది. హిట్లరు పాలనకు వచ్చి ఏడాదిన్నర మాత్రమే. ఆ సభలో మన ప్రతినిధులు, జాతి ద్వేషమును, యూదుల యెడలను నల్లవారి యెడలను లోబడిన జాతుల యెడలను జరుగు అన్యాయమును దేవుని ధర్మశాస్త్రమునకు విరోధమని ఖండించుచు తీర్మానము చేశారు. ఆ నగరములోనే, ఆ ప్రభుత్వము కన్నుల యెదుటనే చేశారు. అందును బట్టి దేవునికి స్తోత్రము. కాని అదే సభకు వెళ్లిన కొందరు, ఆ వీధుల శుభ్రతను, ఆ పాలనలోని క్రమమును మెచ్చుకొనుచు తిరిగివచ్చారు. జర్మనీలోని మన సహోదర సంఘములు, సువార్త చెప్పుకొనుటకు స్వేచ్ఛ ఉన్నది గదా అని, పొరుగువారు కొనిపోబడుచుండగా అధికముగా మౌనము వహించాయి. 1984లో వారు తమ తప్పిదమును బహిరంగముగా ఒప్పుకొన్నారు.

తేదీని గమనించారా? సభ ప్రారంభమైనది 1934 ఆగస్టు 4. ఆమ్‌స్టర్‌డాంలో ఆ బీరువా వెనుక ద్వారము తెరువబడినది 1944 ఆగస్టు 4. సరిగా పది సంవత్సరములు. తీర్మానము పుస్తకములో ఉన్నది. ఎనిమిది మంది లారీలో ఉన్నారు. హాలెండులోని సుమారు 1,40,000 మంది యూదులలో 1,07,000 మంది శిబిరములకు పంపబడగా, తిరిగివచ్చినది సుమారు 5,000 మంది. మరణమునకు కొనిపోబడువారిని విడిపింపుమనియు, మాకు తెలియదని చెప్పువాని హృదయమును దేవుడు శోధించుననియు సామెతలు 24వ అధ్యాయము మనతో చెప్పుచున్నది.

ఇతరుల తప్పిదమును చెప్పి మా తప్పిదమును దాచుట న్యాయము కాదు. అందుచేత ఇదివరకు ఎన్నడును ప్రసంగ పీఠము నుండి చెప్పని సంగతి ఒకటి చెప్పుచున్నాము.

1991 డిసెంబరులో కావేరీ జలముల విషయమై బెంగుళూరులో తమిళుల మీద దాడులు జరిగిన దినములు మీలో అనేకులకు జ్ఞాపకముండును. అప్పుడు మేము ఆ నగరములోని ఒక తెలుగు సంఘములో పరిచర్య చేయుచుంటిమి. ఒక సాయంకాలము ఆలయము వెనుక వీధిలో కాపురముండు ఒక తమిళ కుటుంబము మా గుమ్మము యొద్దకు వచ్చింది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. రెండు రాత్రులు ఆలయపు హాలులో పడుకొననిమ్మని అడిగారు. హాలు ఖాళీగా ఉన్నది. తాళము చెవి మా జేబులోనే ఉన్నది. కమిటీ పెద్దలను అడిగి చెప్పెదమని అన్నాము.

వెళ్లి అడిగాము. పెద్దలు చెడ్డవారు కారు. మనమూ బయటి భాష వాళ్లమే గదా అయ్యగారూ, ఈ రోజు వాళ్లను పెట్టుకొంటే రేపు మన మీదికి వస్తారు అన్నారు. ఆ మాట మాకు న్యాయముగానే తోచినది. వద్దని చెప్పుటకు తిరిగివచ్చేసరికి వారు అక్కడ లేరు. అప్పుడు మాకు కలిగినది దుఃఖము కాదు, ఊరట. కాదని చెప్పవలసిన పని తప్పినదని ఊరట. ప్రియులారా, ఇన్ని సంవత్సరములైనను మేము దేవుని యెదుట ఒప్పుకొనుచున్నది ఆ ఊరటనే.

కొన్ని వారముల తరువాత తెలిసినది. వారిని మన సంఘములోని ఒక సహోదరి చేర్చుకొన్నది. ఆమె నగరపాలికలో వీధులు ఊడ్చు పని చేయునది. ఒకే గది ఇల్లు. తన ముగ్గురు పిల్లలతో పాటు ఆ ఐదుగురిని మూడు రాత్రులు ఉంచుకొన్నది. తెల్లవారుజామున పనికి పోవుచు బయట తాళము వేసి పోయెడిది, లోపల ఎవరును లేనట్టు. మాతో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాము. "చెప్తే వద్దంటారని చెప్పలేదు అయ్యగారూ" అన్నది. కోపముతో అనలేదు. ఉన్న సంగతి అన్నది. తరువాత, "పిల్లలు ఆకలి మీద ఉండిరి. సంగటి ఉంటే పెట్టినాను" అని చెప్పి పనికి వెళ్లిపోయినది.

ఆమెకు బెర్లిన్ తీర్మానము తెలియదు. మాకు తెలుసు.

చివరి అంశము: నిరీక్షణను చవుక చేయకూడదు

నాటకము చివర, మనుష్యులు లోలోపల మంచివారేనని తాను ఇంకను నమ్ముచున్నట్లు ఆన్ చెప్పిన మాట వినబడును. అనేకులు దానినే నాటకపు సారమని పట్టుకొనెదరు. కాని డైరీలో అది చివరి మాట కాదు. 1944 జూలై 15న వ్రాసినది. దానితో కూడనే, లోకము అరణ్యముగా మారుట తాను చూచుచున్నాననియు, తమను నాశనము చేయబోవు ఉరుము దగ్గరకు వచ్చుట వినుచున్నాననియు, లక్షలాది ప్రజల బాధ తనకు తెలియుచున్నదనియు భావము గల మాటలు వ్రాసింది. ఆ రెండవ సగమును విడిచిపెట్టి మొదటి సగమును మాత్రము గోడకు తగిలించుకొనుట సులభము.

మనుష్యుని హృదయమును గూర్చి లేఖనము చెప్పునది మనకు తెలియును. ఆ చిన్నదానితో వాదమునకు దిగుట మన పని కాదు. ఆమెను మన మతస్థురాలిగా చేసికొని చెప్పుకొనుటయు తగదు. ఆమె యూదురాలిగా పుట్టి, యూదురాలైనందుననే చంపబడినది. ఆమెకు ఆ నిరీక్షణను పలుకుటకు హక్కు ఉన్నది. వెలుపలనున్న మనకు ఆ నిరీక్షణను అబద్ధము కాకుండ చూచు బాధ్యత ఉన్నది. మనుష్యులలో మంచి ఉన్నదని ఆమె నమ్మినప్పుడు ఆమె కన్నుల యెదుట నున్న సాక్ష్యమేమి? ప్రతి దినము మెట్లెక్కి వచ్చిన మీప్, బెప్, క్లైమన్, కూగ్లర్ కాదా?

గనుక ప్రియులారా, ఈ నాటకమును మీ సంఘములలో చదివించండి. పాఠశాలల ఇంగ్లీషు వాచకములలో డైరీ భాగము వచ్చుటచేత మన పిల్లలలో కొందరికి ఆ పేరు తెలుసు. చదివిన తరువాత పిల్లలు అంశములు వ్రాయుదురు గాక, అది మంచిదే. పెద్దలు మాత్రము మూడు సంగతులు మాట్లాడుకొనండి. ఆపద రాత్రి మన ఆలయపు తాళము చెవి ఎవరి యొద్ద ఉండును? దానిని తీయుటకు అతడు ఎవరినైనను అడుగవలెనా? మనలను అడిగితే వద్దంటారని అనుకొని, అడుగకుండనే పొరుగువానికి అన్నము పెట్టు సహోదరి మన మధ్య నున్నదా? ఉన్నయెడల ఆమెకు మన సంఘములో ఏ స్థానమున్నది?

మనము ఈ ఊళ్లకు వచ్చినప్పుడు మన తాతలకు ఎవరో ఒకరు వసారా ఇచ్చారు, గంజి పోశారు. వారి భాష వేరు, కొందరి దేవుడు వేరు. ఆ రుణము వారికి తీర్చలేము. ఇప్పుడు గుమ్మము యొద్దకు వచ్చువారికే తీర్చగలము.

ప్రార్థన: పరదేశుల దేవా, మేము తలుపు తీయని రాత్రిని క్షమించుము. అడుగకుండ తీసినవారిని ఆశీర్వదించుము. మరల ఎవరైనను మా గుమ్మము యొద్ద నిలిచినప్పుడు, మా జేబులోని తాళము చెవిని మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.